ఎడమ చేతి పని

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో దిగి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ మీదుగా ఎల్బీనగర్ దాకా నడిస్తే, హాస్టళ్లూ కోచింగ్ సెంటర్లూ ఉన్న దాదాపు ప్రతి సందులో ఒక కటింగ్ షాపు తగులుతుంది. ఆ కుర్చీల్లో కూర్చునే కుర్రవాళ్లలో కొందరికి, తామే ఉస్తరా పట్టి గడ్డం గీసుకోవాలని ఉంటుంది. అది నేర్చుకోదగ్గ విద్య. అయితే దాన్ని చాలామంది తప్పు చేతితో మొదలుపెడతారు.

ముందు వస్తువు సంగతి చూద్దాం. ఉస్తరా అనే మాటతో మనం ఇప్పుడు రెండు వేర్వేరు కత్తులను పిలుస్తున్నాం. ఒకటి పాత మంగలిపొదిలో ఉండే మడత కత్తి. అది నిండు ఉక్కు. సానరాయి మీద నూరి, తోలుపట్టీ మీద సాపు చేసి దాని పదును నిలుపుకోవాలి. రెండోది ఇవాళ షాపుల్లో కనిపించేది. అది వట్టి పిడి. బ్లేడును కాగితం పొట్లంలో ఉండగానే పొడవునా వంచి రెండుగా విరిచి, ఒక సగాన్ని అందులో దూరుస్తారు.

మొదటిది పోయి రెండోది రావడానికి పెద్ద కారణం భయం. మన దేశంలో హెచ్ఐవీ తొలి కేసులు 1986లో మద్రాసులో బయటపడ్డాయి. ఆ తర్వాతి సంవత్సరాల్లో ‘కొత్త బ్లేడు వెయ్యన్నా’ అనడం అందరికీ అలవాటైంది. నిజానికి కత్తి విషయంలో అంతకంటే ఎక్కువ జాగ్రత్తపడవలసింది హెపటైటిస్ బి గురించి. కాలేయాన్ని దెబ్బతీసే ఆ వైరస్ శరీరం బయట కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ఎండిపోయిన రక్తపు మరక కంటికి కనిపించకపోయినా ప్రమాదమే. అందువల్ల ఒక బ్లేడు ఒక ముఖానికే. హాస్టల్ గదిలో ప్రాణస్నేహితుడు అడిగినా సరే, మీ బ్లేడు ఇవ్వకండి.

ఇక పని తీరు. 1904లో అమెరికాలో జిలెట్ పేటెంటు పొందిన రేజర్‌లో బ్లేడు అంచుకు ముందు ఒక కమ్మీ ఉంటుంది. బ్లేడు చర్మాన్ని ఏ కోణంలో తాకాలో ఆ కమ్మీయే చాలావరకు నిర్ణయిస్తుంది. ఉస్తరాకు అది లేదు. ఆ కోణాన్ని మీ మణికట్టు పట్టుకోవాలి. దాదాపు 30 డిగ్రీలు, అంటే గడియారంలో 12కూ 1కీ మధ్య ఉన్నంత. అంతకు మించి లేపితే అంచు చర్మంలోకి దిగుతుంది. మరీ పడుకోబెడితే వెంట్రుక తెగకుండా లాగినట్టవుతుంది.

కోణం తప్పితే మంట. అసలు గాటు పడేది కత్తి అడ్డంగా జారినప్పుడు. కూరగాయల కత్తి టమాటా మీద ఎలా పని చేస్తుందో గుర్తు చేసుకోండి. కేవలం నొక్కితే తొక్క తెగదు, కొంచెం పక్కకు లాగితే చటుక్కున తెగుతుంది. చర్మమూ అంతే. ఉస్తరా ఎప్పుడూ తన అంచుకు సూటిగా ముందుకే కదలాలి, పొడవునా జారకూడదు.

జారకుండా చూసేది ఎడమ చెయ్యి. పని తెలిసిన మంగలిని దగ్గరగా గమనించండి. కుడి చేతిలో కత్తి తేలికగా, దాదాపు బరువు లేనట్టు కదులుతుంది. శ్రమంతా ఎడమ చేతిది. చెవి ముందు చర్మాన్ని బొటనవేలితో పైకి లాగుతుంది, దవడ కిందకు రాగానే మెడ వైపు సాగదీస్తుంది, పై పెదవి దగ్గర ముక్కు కొనను సుతారంగా పైకెత్తుతుంది. కత్తి వెళ్లే చోట చర్మం ముందే డోలు తోలులా బిగిసి ఉంటుంది. నురగకు తడిసిన వేళ్లు జారకుండా మధ్యమధ్య తువ్వాలుకు తుడుచుకోవడం కూడా ఆ పనిలో భాగమే.

కాబట్టి మొదటి వారం కత్తి పట్టకండి. స్నానం కాగానే, పొడి వేళ్లతో చెంపను తడిమి వెంట్రుకలు ఎటు వాలి ఉన్నాయో తెలుసుకోండి. చెంప మీద సాధారణంగా కిందికి వాలతాయి. మెడ దగ్గర ఒక్కొక్కరికి ఒక్కో తీరు, కొందరికి సుడులే ఉంటాయి. తర్వాత నురగ పట్టించి, బ్లేడు తీసేసిన పిడితో అద్దం ముందు అభ్యాసం చెయ్యండి. రెండో వారం బ్లేడు వేసి, చెవి నుంచి చెంప మధ్య వరకు మాత్రమే, వాలు వైపే, చిన్న చిన్న గీతలుగా గీయండి. మిగతా ముఖానికి పాత రేజరే. గడ్డపు కొన, పై పెదవి అన్నిటికంటే చివర. గాటు పడితే చన్నీళ్లతో కడిగి, పటిక రుద్దండి.

గడ్డాన్ని గోరువెచ్చని నీటితో రెండు మూడు నిమిషాలు నానబెట్టడం మాత్రం ఏ రోజూ మానవద్దు. వెంట్రుక మనం అనుకునేంత మెత్తన కాదు. 2020లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో దీన్ని వివరించారు. వెంట్రుక కంటే ఉక్కు 50 రెట్లు గట్టిది. అయినా తెగుతూ వంగే వెంట్రుక బ్లేడు అంచును పెచ్చులూడేలా చేస్తుంది. నీరు పీల్చిన వెంట్రుక సులువుగా తెగుతుంది.

కొత్తగా నేర్చుకునేవారికి అరబ్లేడు పిడే నయమని నా అభిప్రాయం. నిండు ఉక్కు కత్తి చర్మం మీద మృదువుగా నడుస్తుంది, నిజమే. కానీ దాన్ని నూరడం మరో విద్య. సరిగ్గా నూరని మడత కత్తి కొత్త బ్లేడు కంటే ప్రమాదం, ఎందుకంటే మొద్దు కత్తిని ఎవరైనా నొక్కుతారు.

వాడిన బ్లేడును హాస్టల్ చెత్తబుట్టలో ఊరికే పడేయకండి. ఆ బుట్టను రేపు ఉదయం ఒకరు చేత్తో ఎత్తుతారు. మూతకు సన్నని చీలిక పెట్టిన రేకు డబ్బా ఒకటి చాలు, ఏడాది బ్లేడులు అందులో పడతాయి.

ఈ ఆదివారం మీ సందులోని షాపుకే వెళ్లండి. ఎప్పటిలా కళ్లు మూసుకోకుండా, ఆయన ఎడమ చెయ్యి ఎక్కడెక్కడ ఆగుతోందో అద్దంలో చూడండి. అర్థం కాకపోతే ‘అన్నా, ఇక్కడ ఎటు లాగాలి?’ అని అడగండి.