వెన్నెముక నాడీ ద్వారాలు ఇరుకైనప్పుడు : పాలమూరు శ్రామికులలో నడుము, మెడ బాధల పూర్వాపరాలు

నడుములో మొదలై పిరుదు, తొడ, పిక్క మీదుగా పాదం వరకు గుంజే నొప్పినీ, మెడ నుంచి భుజం మీదుగా చేతివేళ్ళ దాకా పాకే తిమ్మిరినీ గ్రామీణులు సాధారణంగా ‘నరం పట్టింది’ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకుంటారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. వెన్నెముక నుంచి నాడి వెలుపలికి వచ్చే ద్వారం ఇరుకై, నాడి మూలం నలిగినప్పుడు ఇటువంటి బాధ కలుగుతుంది. వైద్యులు దీనిని ఫొరామినల్ స్టెనోసిస్ అని వ్యవహరిస్తారు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబర్ 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో ఈ సమస్యను రెండు కోణాల నుంచి పరిశీలించవలసి ఉన్నది. ఒకటి ఇక్కడి ప్రజల శ్రమ. రెండవది ఇక్కడి భూగర్భ జలం.

మానవ శరీరంలో వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయలుదేరుతాయి. వీటిలో అత్యధికం రెండు పూసల నడుమ గల చిన్న ద్వారం గుండా వెలుపలికి వస్తాయి. ఆ ద్వారానికి ముందువైపు డిస్కు, వెనుకవైపు రెండు పూసలను కలిపే కీలు ఉంటాయి. వయసుతో డిస్కు నీటిని కోల్పోయి పలుచబడితే పై పూస కిందికి దిగుతుంది, ద్వారం ఎత్తు తగ్గుతుంది. భారం కీళ్ళపై పడి అవి లావెక్కుతాయి, అంచుల వెంట ఎముక పెరుగుతుంది. నడుములో చివరి రెండు ద్వారాల వద్ద ఈ ఇబ్బంది ఎక్కువ. అక్కడ నాడి లావు, దారి సన్నం. మెడలో 5, 6, 7 పూసల నడుమ ఇది తరచుగా కనిపిస్తుంది.

దేశంలోని అనేక ఆనకట్టలు, కాల్వలు, రహదారుల పనులలో పాలమూరు కూలీలు మట్టి తవ్వి, తట్టలు మోసిన సంగతి తెలిసినదే. గద్వాల, రాజోలి, అమరచింత ప్రాంతాలలో చేనేత కార్మికులు గుంట మగ్గం మీద గంటల తరబడి ముందుకు వంగి పనిచేస్తారు. నడిగడ్డలో పత్తి విత్తనోత్పత్తికి మహిళలు పువ్వు పువ్వునూ చేతితో సంపర్కం చేస్తారు. అయితే మోతపని ఒక్కటే ఈ వ్యాధికి కారణమని వ్రాయడం సరికాదు. వంశపారంపర్యం, వయసు, పొగతాగడం కూడా డిస్కు అరుగుదలకు దోహదం చేస్తాయి. బరువు పనులు, అదేపనిగా వంగి చేసే పనులు దానిని ముందుకు తెచ్చి, బాధను పెంచుతాయి.

రోగి చెప్పే తీరులోనే సగం నిర్ధారణ ఉన్నది. ముందుకు వంగినప్పుడు నాడీ ద్వారం కొంత తెరుచుకుంటుంది, వెనక్కు వాలినప్పుడు మరింత మూసుకుంటుంది. కనుక మగ్గం మీద కూర్చున్నంతసేపు కాలి నొప్పి తగ్గి, లేచి నాలుగు అడుగులు వేయగానే పెరిగే కార్మికునిలో ఇరుకు ద్వారాన్ని అనుమానించాలి. డిస్కు జారిన వారిలో సాధారణంగా ఇందుకు విరుద్ధంగా, కూర్చున్నప్పుడు, వంగినప్పుడు బాధ పెరుగుతుంది. ఏ నాడి నలిగినదో వేళ్ళు చెబుతాయి. బొటనవేలు తిమ్మిరెక్కితే మెడలోని ఆరవ నాడిని, నడివేలు తిమ్మిరెక్కితే ఏడవ నాడిని చూడాలి. కాలి బొటనవేలు పైకి లేవకపోయినా, నడుస్తుండగా చెప్పు జారిపోతున్నా నడుములోని ఐదవ నాడి దెబ్బతిన్నదని భావించాలి. ఎం.ఆర్.ఐ. పరీక్ష ఈ అనుమానాన్ని ధ్రువపరచడానికే గాని దాని స్థానంలో వాడడానికి కాదు. ఏ బాధా లేని పెద్దవయసు వారి స్కానింగులోనూ అరుగుదల కనిపించడం సర్వసాధారణం.

ఇక రెండవ కోణం ఫ్లోరైడు. ఆంధ్ర ప్రాంతంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలో గుర్తించి ప్రచురించారు. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వివరించారు. దాని నాడీ సంబంధ ఉపద్రవాలపై హైదరాబాద్ నిమ్స్‌కు చెందిన న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి విస్తృతంగా కృషి చేశారు. నల్లగొండకు వచ్చిన ప్రచారం పాలమూరుకు రాలేదు గాని, ఇక్కడిదీ గ్రానైటు నేలయే. కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డతో సహా ఈ ప్రాంతంలో దశాబ్దాల పాటు అనేక పల్లెలకు బోరు నీరే ఆధారమైనది. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే ఆధారం లేనప్పుడు మాత్రమే 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చుననీ భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించినది.

ఏళ్ళ తరబడి అధిక ఫ్లోరైడు నీరు తాగినవారిలో వెన్నుపూసలను బంధించే స్నాయువులు క్రమంగా ఎముకగా మారతాయి. అప్పుడు పక్క ద్వారాలే కాక వెన్నుపాము సాగే నడిమి మార్గమూ ఇరుకవుతుంది. కాళ్ళు బిగుసుకుపోవడం, నడక తూలడం, మెడ తిప్పలేకపోవడం దీని లక్షణాలు. ముంజేతికి ఎక్స్‌రే తీయిస్తే రెండు ఎముకల నడుమ పొరలో సున్నం చేరిన గుర్తులు వ్యాధిని పట్టిస్తాయి. ఇది తక్కువ ఖర్చుతో జరిగే పరీక్ష. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ ద్వారా కృష్ణా జలాలు ఇంటింటికీ వచ్చినప్పటికీ, ఎముకగా మారిన స్నాయువు వెనుకటి స్థితికి రాదు. అందువల్ల యాభై ఏళ్ళు దాటిన రోగిని ఏ ఊరు, చిన్ననాట ఏ నీరు తాగారు అని అడగడం నేటికీ అవసరమే. పొలం వద్ద ఇప్పటికీ బోరు నీరే తాగేవారి సంగతి కూడా మరువరాదు. నీటిని మరిగిస్తే ఫ్లోరైడు పోదు సరికదా, నీరు ఆవిరై దాని సాంద్రత పెరుగుతుంది.

పత్రికలలో తరచుగా కనిపించే ‘నరాల బలహీనత’ అన్న మాట ఈ వ్యాధికి వర్తించదు. తెలుగు వాడుకలో నరం అంటే నాడి కావచ్చు, రక్తనాళం కావచ్చు, కండర తంతువు కావచ్చు. ఆ అస్పష్టతను ఆసరాగా చేసుకొని బలం మందులు అమ్మేవారికి కొదవ లేదు. ఒత్తిడికి లోనైన నాడికి విటమిన్ ఇంజక్షన్ దారి వెడల్పు చేయదు. రెండు పాదాలలోనూ సమానంగా మంటలుంటే మధుమేహాన్ని, జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్నెముక క్షయను ముందుగా పరీక్షించాలి. క్షయకు ప్రభుత్వ కేంద్రాలలో మందులు ఉచితం.

ద్వారం ఇరుకైన వారిలో చాలామందికి శస్త్రచికిత్స అవసరం ఉండదు. కొద్ది వారాల పాటు బరువులు మానడం, ఫిజియోథెరపీ, వైద్యుని సలహాపై పరిమితంగా నొప్పి మందులు సరిపోతాయి. నాడి మూలం వద్ద ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్ తాత్కాలిక ఉపశమనం కలిగిస్తుంది. దినకూలీకి మాత్రం ‘విశ్రాంతి’ అనే సలహా ఖర్చు లేనిది కాదు. ఆ వారాల కూలి పోతుందన్న భయంతోనే పేరు తెలియని గుళికలు మింగి పనికి వెళ్ళడం, కాల్చిన ఇనుముతో వాతలు పెట్టించుకోవడం జరుగుతున్నది. విచక్షణ లేకుండా వాడిన స్టెరాయిడ్లు ఎముకలను గుల్లబారుస్తాయి. ఎండలో నీళ్ళు చాలక పనిచేసేవారికి నొప్పి గుళికలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

మలమూత్రాలపై అదుపు తప్పినా, మూత్రం బిగిసినా, తొడల మధ్య స్పర్శ పోయినా, రెండు కాళ్ళూ బలహీనపడినా రోగిని అదే రోజు న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పాదం వాలిపోవడం, చేతి పట్టు సడలడం కనిపించినా వారాల తరబడి వేచి ఉండరాదు. నాడిపై ఒత్తిడి తొలగించడంలో ఆలస్యమైతే శస్త్రచికిత్స సఫలమైనా కోల్పోయిన బలం పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లోను, గద్వాలలో 2024లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాలలో నాటి మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో ఈ పథకం పరిమితిని 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి 10 లక్షల రూపాయలకు పెంచడం జరిగినది. వెన్నెముక శస్త్రచికిత్సలు దీని న్యూరోసర్జరీ విభాగంలో ఉన్నవి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి రోగిని పై ఆసుపత్రికి పంపే చీటీలో ఏ వేలు తిమ్మిరి, ఏ కదలిక బలహీనం, ఎన్ని రోజులుగా, ఏ ఊరి నీరు తాగేవారు అన్న నాలుగు వివరాలు వ్రాస్తే అక్కడి వైద్యునికి ఎంతో సమయం కలిసివస్తుంది.