ఆహార సలహా: వృత్తి, ప్రచారం, అమానతు

పోషకాహార శాస్త్రంలో పట్టా పొందిన ముస్లిం యువతులు నేడు మన పట్టణాల్లో కొత్త కాదు. ఇంట్లోనే ఒక గది కేటాయించుకునో, ఫోనులోనో సలహాలిచ్చి జీవనోపాధి పొందాలని వారి ఆకాంక్ష. పర్దా పాటిస్తూ, సంసారం చూసుకుంటూ చేయదగిన గౌరవప్రదమైన వృత్తి ఇది. అయితే వారి తల్లిదండ్రులు మా వంటి వారి ముందు ఉంచే సందేహాలు రెండున్నాయి. ఏం తినాలో చెప్పినందుకు డబ్బు తీసుకోవచ్చునా? తమ గురించి తాము ప్రచారం చేసుకోవచ్చునా?

మొదటిదానికి సమాధానం తేలిక. దైవప్రవక్త ముహమ్మద్ (స) అబూ తైబా (రజి) చేత హిజామా చేయించుకుని ప్రతిఫలం ఇప్పించారని హదీసు గ్రంథాల్లో ఉంది. విద్యకు, సమయానికి, శ్రమకు వేతనం పుచ్చుకోవడాన్ని ఫిఖ్హ్ గ్రంథాలు ‘ఇజారా’ అధ్యాయంలో వివరిస్తాయి. అక్కడ ఫుకహాలు గట్టిగా పట్టుబట్టే షరతు ఒకటుంది: చేసే పని ఏమిటో, దాని వేతనం ఎంతో ముందే ఇరువురికీ తెలిసి ఉండాలి. “మీకు తోచినంత ఇవ్వండి” అనడం మన వైపు మర్యాదగా చెలామణి అవుతోంది. తరువాత మనస్పర్థలకు దారితీసేది కూడా ఆ మర్యాదే. మొదటి భేటీ ఎంతసేపు, నెలకు ఎన్ని భేటీలు, మధ్యలో ఫోను చేసి అడిగే ప్రశ్నలు ఆ రుసుములోనివేనా, మధ్యలో మానుకుంటే ఎంత తిరిగి వస్తుంది అన్నవి ఒక కాగితంపై రాసి ఇస్తే సరిపోతుంది.

ఇక్కడ అమ్ముతున్నది శ్రమే కాని ఫలితం కాదు. “నెలలో పది కిలోలు తగ్గిస్తాం, లేకుంటే డబ్బు వాపసు” అన్న ప్రకటనలు గోడల మీద, ఫోన్లలో కనిపిస్తూనే ఉన్నాయి. ఇంకొకరి శరీరం తన చేతిలో లేనప్పుడు, ఆమె రాత్రి వంటింట్లో ఏం తింటుందో తనకు తెలియనప్పుడు, ఆ మాటకు హామీ ఎవరు? తన అధీనంలో లేనిదాన్ని అమ్మజూపడం ధర్మసమ్మతం కాదు. దేశ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. మధుమేహాన్ని, స్థూలకాయాన్ని నయం చేస్తుందని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. ఆరోగ్య నిపుణులుగా సామాజిక మాధ్యమాల్లో మాట్లాడేవారు తమ అర్హతను వెల్లడించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. వైద్యం తెలిసినవాడిగా గుర్తింపు లేకుండా వైద్యానికి పూనుకున్నవాడు జరిగిన నష్టానికి బాధ్యుడన్న భావం గల హదీసు అబూ దావూద్ సంకలనంలో ఉంది. రెండు వారాల సర్టిఫికెట్టుతో బోర్డు కట్టేవారు దాన్ని ఒకసారి చదువుకోవాలి.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది మరొకటి. తేనె, ఖర్జూరం, కలోంజీ వంటివాటిని ఒక పొట్లంలో కట్టి, దానిపై ‘సున్నతు ఆహారం’ అని అచ్చువేసి, మధుమేహానికి ఇక మాత్రలు అక్కరలేదని చెప్పి అమ్ముతున్నారు. వీటిలోని శుభాన్ని మేము కాదనడం లేదు. వాటి ప్రశస్తిని పిల్లలకు పాఠంగా చెప్పేవాళ్ళం. కాని తేనెలో దాదాపు 80 శాతం చక్కెరలే. ఎండు ఖర్జూరంలో సగానికి మించి చక్కెరే. ఇన్సులిన్ తీసుకునే ఒక వృద్ధురాలు దైవప్రవక్త (స) పేరు మీద నమ్మకంతో మందు మానేసి ఆసుపత్రి పాలైతే ఆమె నష్టపోయేది ఆరోగ్యాన్ని మాత్రమే కాదు. ధర్మం పేరును సరుకుకు ముద్రగా వాడేవారి ప్రచారం ఎంత బాగా సాగితే హాని అంత ఎక్కువ.

పొడి డబ్బాల సంగతీ అంతే. సలహా రుసుము తక్కువగా ఉంచి, డబ్బాల మీద కమీషన్‌తో లాభం చూసుకునే పద్ధతి వ్యాపించింది. కండలు పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వద్దని జాతీయ పోషకాహార సంస్థ 2024 నాటి మార్గదర్శకాల్లో సూచించింది. సలహా అడగబడినవాడు అమానతు మోసేవాడని దైవప్రవక్త (స) బోధించారు. కమీషన్ దాచిపెట్టి సిఫారసు చేయడం ఆ అమానతుకు ద్రోహమే.

మరి ప్రచారం ఎలా? మన హైదరాబాదులోని తార్నాకలోనే ఉన్న ఆ సంస్థ మూలాలు 1918 నాటివి. అది 2017లో వెలువరించిన పట్టికల్లో 528 ఆహార పదార్థాల పోషక విలువలున్నాయి. మన జొన్నలు, రాగులు, తోటకూర అందులో ఉన్నవే. కాబట్టి ఓట్స్, కీన్వా అని రాసిచ్చి చేతులు దులుపుకోనక్కరలేదు. అలాంటి చీటీ మూడోరోజుకే పొయ్యిలోకి పోతుంది. బగారా అన్నం, దాల్చా ఉన్న దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని ఏది ఎంత వడ్డించుకోవాలో గరిటెతో కొలిచి చూపించే అమ్మాయి మాట బస్తీ అంతా వింటుంది. కోడలితోపాటు వంట చేసే అత్తగారిని కూడా పిలిపించి మాట్లాడాలి. రోగిని పంపిన డాక్టరుకు, తాను ఏం చెప్పిందో నాలుగు వాక్యాల ఉత్తరం తిరిగి పంపాలి. మాకు తెలిసినంతలో ఈ రెండూ చేసే ప్రాక్టీసుకు వేరే ప్రకటన అవసరం పడదు.

‘ముందు - తరువాత’ ఫొటోలు మాత్రం వద్దు. అనుమతి ఇచ్చినా వద్దు. స్త్రీ శరీరం ప్రకటన పలక కాదు. నెలసరి సమస్యతో వచ్చిన పెళ్ళికాని అమ్మాయి పేరు ఒక్క వాట్సాప్ సందేశంలో బయటికి పొక్కితే, వచ్చిన సంబంధం వెనక్కి పోతుంది. ఆ ఇంట్లో ఏడాదిపాటు దీపం వెలగదు. రికార్డులు భర్తకు కూడా అందని చోట తాళం వేసి ఉంచాలి. ఇక బంధువుల చేత రాయించుకునే పొగడ్తల సంగతి: కొనే ఉద్దేశం లేకుండా వేలంలో ధర పెంచే ‘నజష్’ను దైవప్రవక్త (స) నిషేధించారు. తీసుకోని సలహాకు ఐదు నక్షత్రాలిచ్చే బంధువు చేస్తున్నదీ అదే కోవలోనిది.

పేదల విషయంలో ఒక మసలా. రుసుము మాఫీ చేసి దాన్ని జకాత్‌లో లెక్కించుకునేవారున్నారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అలా జకాత్ నెరవేరదు. హక్కుదారు చేతికి సొమ్ము చేరాలి. మాఫీ చేయదలిస్తే సదఖాగా, ఎవరికీ తెలియకుండా చేయవచ్చు.

రమజాన్ ఈ వృత్తికి పంటకాలం వంటిది. ఉపవాసం ఉండాలా వద్దా, మందు మోతాదు ఎంత అన్నవి డాక్టరు, ఆలిమ్ కలిసి తేల్చాల్సినవి. ఆహార నిపుణురాలు అక్కడ ఆగాలి. సహరీలో ఏం తింటే సాయంత్రందాకా నిలుస్తుంది, ఇఫ్తార్‌లో వేయించిన పదార్థాలకు హద్దు ఎక్కడ అన్నవి ఆమె పరిధిలోనివి. రక్తంలో చక్కెర 70కి తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలన్న వైద్యుల సూచనను, వేలికి సూది గుచ్చి పరీక్షించుకుంటే ఉపవాసం భంగం కాదన్న ఉలమాల మాటను ఒకే కాగితంపై ముద్రించి పంచవచ్చు. కింద తన పేరు, అర్హత, కలుసుకునే వేళలు వేసుకుంటే అభ్యంతరం లేదు. మధుమేహులు రమజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలన్నది వైద్యుల సలహా. కనుక ఆ కాగితం మసీదు నోటీసు బోర్డుపైకి రజబ్ నెలలోనే చేరాలి.