ఏరుమద్ది, నల్లమద్ది: కాయ రెక్కలే ఆనవాలు

పల్నాడు జిల్లాలో మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు వ్యాపించిన నల్లమల కొండల ప్రాంతంలో మద్ది అన్న పేరు రెండు జాతులకు చెల్లుతుంది. టెర్మినేలియా అర్జున ఏరుమద్ది. దీనినే తెల్లమద్ది అని కూడా అంటారు. టెర్మినేలియా ఎలిప్టికా నల్లమద్ది. పాత వృక్షశాస్త్ర గ్రంథాలలో ఇది టెర్మినేలియా టొమెంటోసా. రెండూ కరక్కాయ, తాని చెట్ల ప్రజాతికి చెందినవే. దసలి పట్టుపురుగు రెండింటి ఆకులనూ తింటుంది కనుక పట్టు రైతుకు పొరపాటు వలన పెద్ద నష్టం లేదు. బెరడు సేకరించేవారి సంగతి వేరు. ఆయుర్వేదంలో హృద్రోగాలకు చెప్పినది ఏరుమద్ది బెరడు; నల్లమద్ది బెరడు తోళ్ళ పదునుకు వాడేది. మూటలో ఒకటి మరొకటైతే మందే మారిపోతుంది.

ముదిరిన చెట్లను బెరడుతోనే పోల్చవచ్చు. నల్లమద్ది బెరడు ముదురు రంగులో, లోతైన చీలికలతో, మొసలి వీపువలె పలకలు పలకలుగా ఉంటుంది. ఏరుమద్ది మాను నున్నగా, తెలుపు కలిసిన బూడిద రంగులో ఉండి, పలుచని పెచ్చులు రాలుస్తుంది. లేత చెట్లలో ఈ తేడా ఇంకా ఏర్పడదు, చిక్కంతా అక్కడే. ఆకుల ఆకారాన్ని నమ్మరాదు, ఒకే చెట్టుపై అది పలువిధాలుగా మారుతుంది. నల్లమద్ది లేత ఆకు అడుగున తుప్పురంగు నూగు కనిపిస్తుంది గాని, ముదిరేకొద్దీ అది రాలిపోవచ్చు.

నిర్ణయానికి కాయే ఆధారం. రెండింటి కాయలకూ అయిదేసి రెక్కలుంటాయి. ఎండిన కాయను వెలుతురుకు ఎత్తి రెక్కపై గీతలను పరిశీలించాలి. నడిమి భాగం నుండి అంచు వరకు గీతలు అడ్డంగా, తిన్నగా సాగితే నల్లమద్ది. పైకి వంపు తిరిగితే ఏరుమద్ది. భూతద్దం కూడా అవసరం లేదు.

2024 మార్చిలో పాపికొండల జాతీయ ఉద్యానవనంలో అటవీ సిబ్బంది నల్లమద్ది బెరడుకు గాటు పెట్టగా నీరు ధారకట్టింది. కొండరెడ్లకు ఇది ముందునుండీ తెలిసిన విషయమే. అయితే ప్రతి నల్లమద్దిలోనూ నీరుండదు. గుర్తింపు కోసమని చెట్టుకు గాయం చేయడం తగదు.

నారు పెంచేవారు కాయలను చెట్టువారీగా వేరువేరు సంచులలో ఏరి, రెక్కలు చూసిన తరువాతే కలపాలి. ఏరుమద్ది సహజంగా నీటి ఒడ్డు చెట్టు. చంద్రవంక వంటి వాగుల గట్లు, సాగర్ కుడి కాలువ గట్లు దానికి అనువైనవి. నీటి వసతిలేని కొండవాలులో నాటదలచినవారు నల్లమద్ది కాయలనే ఎంచుకోవాలి.