అల మీద స్వారీ, తీగ మీద పాట

సంగారెడ్డి మహబూబ్‌సాగర్ చెరువు గట్టున నిలబడి నీళ్లలోకి ఓ రాయి విసరండి. వలయాలు ఒకదాని వెనక ఒకటి గట్టు దాకా వస్తాయి. ఇప్పుడు నీటి మీద తేలుతున్న ఎండుటాకును చూడండి. వలయాలతో పాటు అదీ గట్టుకు కొట్టుకువచ్చిందా? లేదు. ఉన్నచోటనే పైకి లేచి కిందికి దిగింది, అంతే! గట్టుకు చేరినది నీరు కాదు, నీటి కదలిక మాత్రమే. ఈ సంగతి గుర్తుంచుకోండి, దీనితో చాలా పని ఉంది.

"కంది నుంచి సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైమాటే, మనకెందుకు అలల గొడవ?" అంటారేమో. కందిలో ఐ.ఐ.టి. ముందున్న రోడ్డు పట్టుకుని, పటాన్‌చెరు దాటి హైదరాబాదు వైపు వెళితే, నగరం అంచున ప్రగతినగర్ ప్రాంతంలో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. హిందూ మహాసముద్రంలో రేపు అలలు ఎంత ఎత్తు లేస్తాయో, ఎటునుంచి వస్తాయో లెక్కగట్టి జాలరులకు చెప్పేది ఈ సంస్థే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత, 2007లో సునామీ హెచ్చరిక కేంద్రాన్ని కూడా ఇక్కడే నెలకొల్పారు. సముద్రం కంటికి ఆనని చోట కూర్చుని సముద్రం నాడి చూస్తున్నారన్నమాట!

ఇక మనం కాసేపు ఊహలో సెలవులకు పోదాం. అండమాన్ దీవులకు వెళదామా? అక్కడి ముఖ్యపట్టణం పోర్ట్ బ్లెయిర్. 2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మార్చారు. బజారులో తెలుగు మాట వినబడితే ఉలిక్కిపడకండి, మనవాళ్లు చాలామంది అక్కడ స్థిరపడ్డారు. అక్కడ ఓడెక్కి దక్షిణంగా పోతే లిటిల్ అండమాన్ దీవిలో హట్‌బే రేవు వస్తుంది. ఆ దీవి అలల కోసం దూరదేశాల నుంచి సర్ఫింగ్ ఆటగాళ్లు వస్తుంటారు. పగలు పలక మీద నిలబడి అలలపై స్వారీ. సాయంత్రం ఇసుకలో పదిమంది గుండ్రంగా కూర్చుంటే, ఒకరు గిటారో యుకలేలీయో తీసి మైకు లేకుండా పాడటం. ఇలాంటి దీవుల్లో సెలవులంటే ఇంతే.

హవాయి దీవుల్లో ఈ రెండూ ఏనాడో జతకట్టాయి. 1912 ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతలో బంగారు పతకం గెలిచిన డ్యూక్ కహనమోకు హవాయివాడే. సర్ఫింగ్‌ను ప్రపంచానికి పరిచయం చేసినవారిలో ఆయన ముఖ్యుడు. నాలుగు తీగల యుకలేలీ 1879లో అక్కడికి వలసవచ్చిన పోర్చుగీసువాళ్ల చిన్న గిటారు నుంచి పుట్టింది.

లిటిల్ అండమాన్‌లో గాలి ఆకును కూడా కదపని రోజున సైతం పెద్ద అలలు రావచ్చు. ఎక్కడివి అవి? భూమధ్యరేఖకు అవతల, అంటార్కిటికాకు చేరువలో వీచే తుపాను గాలులు నీటిని కలచివేస్తాయి. అక్కడ పుట్టిన అలల్లో పొడవైనవి చల్లారకుండా ఉత్తరానికి సాగుతాయి. ఒక చిన్న లెక్క చేద్దాం. 15 సెకన్లకు ఒకటి చొప్పున వచ్చే అలల్లో, లోతు సముద్రంలో, శిఖరానికీ శిఖరానికీ మధ్య దూరం 350 మీటర్లు. శిఖరం వేగం గంటకు 84 కిలోమీటర్లు. కాని అలల గుంపు నడిచేది దానిలో సగం వేగంతోనే. ముందున్న అల చల్లారుతుంటే వెనక కొత్తది లేస్తూ ఉంటుంది. కనుక 6,500 కిలోమీటర్ల దూరానికి ఆరున్నర రోజులు పడుతుంది. తుపాను సద్దుమణిగాక కూడా దాని జాబు మనకు అందుతుందన్నమాట.

తీరం దగ్గర లోతు తగ్గేసరికి అల అడుగుభాగం నేలను "తెలుసుకుంటుంది". వేగం తగ్గుతుంది, వెనక అల దగ్గరవుతుంది, ఎత్తు పెరుగుతుంది. లోతు అల ఎత్తుకు ఇంచుమించు ఒకటింపావు రెట్లకు దిగేసరికి, అడుగు వెనకబడి తల ముందుకు తూలి అల విరుగుతుంది. రెండు మీటర్ల అలయితే రెండున్నర మీటర్ల లోతులో విరుగుతుందన్నమాట. అది విరగబోయే క్షణంలోనే సర్ఫింగ్ ఆటగాడు చేతులతో నీళ్లు తోసుకుంటూ దాని వేగాన్ని అందుకుంటాడు. అందుకున్నాడా, ఇక పలక వాలు మీద జారుతుంది. కొండ దిగే సైకిలుకు తొక్కనక్కరలేదు కదా! అయితే ఈ కొండ తాను కూడా ముందుకు నడుస్తూ ఉంటుంది గనుక వాలు అంత త్వరగా అయిపోదు.

ఆటగాళ్లు పలక మీద కూర్చుని చాలాసేపు ఊరకే సముద్రం కేసి చూస్తుంటారు. ఎందుకో తెలుసా? పెద్ద అలలు గుంపుగా వస్తాయి, తరువాత కాసేపు చిన్నవే వస్తాయి. మన జాలరులకూ ఈ సంగతి బాగా ఎరుకే. తెప్పను అలల మధ్య సందు చూసే నీటిలోకి తోస్తారు.

ఈ గుంపుల మర్మం సాయంత్రం పాట దగ్గర బయటపడుతుంది. గిటారు శ్రుతి చేసేటప్పుడు చెవి ఒగ్గి వినండి. ఒక తీగ సెకనుకు 440 సార్లు, ఇంకొకటి 442 సార్లు కంపిస్తే, ధ్వని సెకనుకు రెండుసార్లు పెరిగి తగ్గుతుంది. రెండు కదలికలూ ఒకసారి కలిసి బలపడతాయి, ఒకసారి ఎదురై అణగిపోతాయి. వీటినే మీ భౌతికశాస్త్రంలో విస్పందనాలు అంటారు. సముద్రంలోనూ ఇదే. 14 సెకన్ల అలలూ 15 సెకన్ల అలలూ కలిస్తే, 210 సెకన్లకు, అంటే మూడున్నర నిమిషాలకు ఒకసారి పెద్ద అలల గుంపు వస్తుంది. నిజం సముద్రంలో రెండే కాదు, అనేక రకాల అలలు కలుస్తాయి గనుక లెక్క ఇంత శుభ్రంగా ఉండదు. పాట మాత్రం దగ్గర కూర్చునే వినాలి సుమా! దూరం రెట్టింపయితే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. మిగతాది సముద్రపు హోరు మింగేస్తుంది.

ఇప్పుడు మన ఎండుటాకు దగ్గరకు వద్దాం. లోతులో అలతో పాటు నీరు ప్రయాణించదు. కాని విరిగిన అల మాటేమిటి? అది నిజంగానే నీటిని గట్టు మీదకు తోస్తుంది. అలా చేరిన నీరు తిరిగి పోవాలి కదా! ఇసుక తిన్నెల మధ్య పల్లం దొరికితే చాలు, అంతా అందులోంచి ఏరులా సముద్రంలోకి పరుగెడుతుంది. దీన్ని రిప్ కరెంట్ అంటారు. కొన్నిసార్లు దీని వేగం సెకనుకు రెండు మీటర్లు దాటుతుంది. ఎంతటి ఈతగాడైనా దానికి ఎదురు ఈదలేడు. విశాఖ రామకృష్ణా బీచిలోనూ, రుషికొండలోనూ విహారయాత్రకు వెళ్లిన విద్యార్థులు ప్రాణాలు పోగొట్టుకున్న వార్తలు మీరు చదివే ఉంటారు. చెరువులో ఈత వచ్చినవాళ్లే ఎక్కువ ధైర్యం చేస్తారు.

మోసం ఎక్కడుందంటే, అలలు విరగకుండా, నురగ లేకుండా, నీరు కాస్త ముదురు రంగులో నెమ్మదిగా కనబడే చోటే ఈ ప్రవాహం ఉంటుంది. కొత్తవాళ్లు "ఇక్కడ ప్రశాంతంగా ఉంది" అని అక్కడే దిగుతారు! సర్ఫింగ్ ఆటగాళ్లు మాత్రం దాన్ని వెదికి పట్టుకుని, లోపలికి పోవడానికి లిఫ్టులా వాడుకుంటారు. అండమాన్ తీరాల్లో ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి, కాబట్టి హెచ్చరిక బోర్డు ఉన్నచోట అసలు కాలు పెట్టవద్దు.

రిప్ కరెంట్ మనిషిని కిందికి లాగదు, లోపలికి తీసుకుపోతుంది, అంతే. ముంచేది గట్టుకు ఎదురీదడం వల్ల వచ్చే అలసట. మీరు చిక్కుకుంటే వెల్లకిలా తేలండి, చెయ్యెత్తి పిలవండి. స్నేహితుడు చిక్కుకుంటే మీరు దూకకండి, తేలే వస్తువేదైనా విసరండి, గట్టు మీద కాపలావాళ్లను కేకేయండి. ఈత వస్తే గట్టు వైపు కాకుండా గట్టుకు సమాంతరంగా, పక్కకు ఈదండి. ఆ ప్రవాహం చాలాచోట్ల పదిపాతిక మీటర్ల వెడల్పే ఉంటుంది. పక్కకు తప్పుకుని, తెల్లగా నురగ కనబడేచోట గట్టు వైపు తిరగండి. అక్కడ విరిగే అలలే మిమ్మల్ని ఇసుక మీదకు నెడతాయి.