తొమ్మిది సెకన్ల లెక్క

హైదరాబాద్‌లో మైత్రీవనం దగ్గర నిలబడి తలెత్తితే ఆకాశం ఎంత కనిపిస్తుంది? ఒకపక్క మెట్రో వంతెన, ఇంకోపక్క కోచింగ్ సెంటర్ల హోర్డింగులు. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కితే కొంచెం నయం. అమీర్‌పేటలో ఎంబెడెడ్ సిస్టమ్స్ చెప్తాను నేను. కదిలే గగనతల రక్షణ వ్యవస్థల గురించి పిల్లలు అడిగితే ముందు కిటికీలోంచి బయటికి చూడమంటాను. రాడార్ తరంగాలూ దాదాపు మన చూపులాగే తిన్నగా పోతాయి. అడ్డం వెనక ఏముందో వాటికీ తెలీదు.

లారీ మీద నాలుగు మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉందనుకుందాం. నేల చదునుగా ఉంటే, 30 మీటర్ల ఎత్తున వచ్చే విమానం సుమారు 30 కిలోమీటర్ల దూరంలో కంటపడుతుంది. గంటకు 900 కిలోమీటర్ల వేగమైతే రెండు నిమిషాల వ్యవధి. మధ్యలో గుట్ట అడ్డొచ్చి, ఎనిమిది కిలోమీటర్ల దగ్గరికొచ్చాకే కనిపిస్తే? దాన్ని నాలుగు కిలోమీటర్ల అవతలే కూల్చాలంటే మనకున్నది 16 సెకన్లు. సెకనుకు 600 మీటర్లు పోయే క్షిపణి ప్రయాణానికే ఏడు సెకన్లు కావాలి. మిగిలిన తొమ్మిదిలో గుర్తించాలి, మనదో పరాయిదో తేల్చాలి, దారి లెక్కగట్టాలి, వదలాలి. మా క్లాసులో రియల్ టైమ్ అంటే ఇదే. జవాబు సరైనదైనా, గడువు దాటితే తప్పే.

అందుకే క్షిపణి ఎంత దూరం పోతుందని అడిగితే నేను బండి సంగతి ఎత్తుకుంటాను. ట్యాంకుల వెంట పరిగెత్తాల్సిన బండి, ఆగి యాంటెన్నా లేపాకే చూస్తానంటే కుదరదు. 2017 జూన్ 4న చాందీపూర్‌లో తొలిసారి పరీక్షించిన మన క్యూఆర్‌శామ్, అంటే త్వరగా స్పందించే గగనతల రక్షణ క్షిపణి వ్యవస్థ, కదులుతూనే వెతుకుతుంది, కదులుతూనే లక్ష్యాన్ని వెంటాడుతుంది. కాల్చడానికి మాత్రం కాసేపు ఆగుతుంది.

"ఆ ఆగడం కూడా లేకుండా చేయలేరా మేడమ్?" అని మొన్న ఒకబ్బాయి అడిగాడు. చేయొచ్చు, కానీ ఊగే బండి మీంచి గురి తప్పకుండా వదలడం చాలా కష్టం.

క్యూఆర్‌శామ్‌కు ముందు, 1983లో మొదలైన మన దేశ క్షిపణి కార్యక్రమంలో త్రిశూల్ అని ఒకటుండేది, 9 కిలోమీటర్లు పోయేది. దాన్ని నేల మీది రాడారే చివరిదాకా నడిపించాలి. 2008లో ఆ ప్రాజెక్టు ముగించారు. క్యూఆర్‌శామ్ క్షిపణికి ముక్కులోనే సీకర్ ఉంది, చివర్లో లక్ష్యాన్ని తనే వెతుక్కుంటుంది. నాకు ఎంతో ఇష్టమైన మార్పు ఇది.

ఇప్పుడు చౌక డ్రోన్లు గుంపులుగా వస్తున్నాయి. ప్రతిదానికీ ఖరీదైన క్షిపణి వాడలేం. 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గర లేజర్‌తో డ్రోన్‌ను కూల్చి చూపించారు. లేజర్ క్షణంలో చేరుతుంది గానీ, కిరణాన్ని ఒకేచోట నిలిపి ఉంచాలి, దుమ్మూ పొగమంచూ అడ్డం. దాంతోనే పని అయిపోదు. అందుకే 2025 ఆగస్టు 23న ఒడిశా తీరంలో క్యూఆర్‌శామ్‌ను, అతి తక్కువ దూరపు వీశోరాడ్స్ క్షిపణిని, లేజర్‌ను ఒకే కమాండ్ కేంద్రం కింద కలిపి పరీక్షించారు. వేర్వేరు దూరాల్లో, ఎత్తుల్లో ఉన్న మూడు లక్ష్యాలను ఒకేసారి కూల్చారు. ఆ కమాండ్ కేంద్రం డీఆర్‌డీఎల్‌ది, వీశోరాడ్స్ ఆర్‌సీఐది, లేజర్ చెస్‌ది. మూడూ మన హైదరాబాద్ ప్రయోగశాలలే.