వాపసు తీసుకునే కొట్టుకే గిరాకీ

కలిదిండి: చేపలు, రొయ్యల చెరువులే జీవనాధారమైన ఈ ప్రాంతంలో పట్టుబడి అయ్యాక మిగిలిన మేత బస్తా చిన్న సమస్య కాదు. తెల్లమచ్చ తెగులు సోకి రొయ్యల చెరువును హడావుడిగా పట్టేస్తే కుట్టు విప్పని బస్తాలు గట్టు మీదే ఉండిపోతాయి. వానల్లో బూజు పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. మారుమాట లేకుండా వాటిని వాపసు తీసుకునే కొట్టుకే రైతు మళ్లీ వెళతాడు. కాకపోతే అది వర్తకుని మంచితనం, చట్టం కాదు.

కొన్ననాడే బూజు పట్టివున్న మేత సంగతి వేరు. 2020 జూలైలో అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకుని సొమ్ము తిరిగివ్వాలి. నిరాకరిస్తే అది అనుచిత వ్యాపారం. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. జీవనోపాధికి స్వయంగా సాగు చేసుకునే రైతూ వినియోగదారుడే.

చిక్కల్లా అరువు ఖాతాతోనే. బాకీ ఉన్న కొట్టులో బిల్లు అడగాలంటే ఎవరికైనా మొహమాటమే! బిల్లు లేకుంటే రుజువు కష్టం.

కొనుగోలుదారు తాను నివసించే ప్రాంతపు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయలు మించకుంటే రుసుము లేదు. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు.