మన రోగము మన మెఱుగవలదా?

మా బాల్యమున తాతగారు మాకు ఇంటివద్ద సంస్కృతము చెప్పుచు, చరకసంహితలోని యొక విషయమును పలుమాఱులు జ్ఞాపకము చేయుచుండెడివారు. చికిత్సకు నాలుగు పాదములు కలవు: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వీనిలో ఏ పాదము కుంటుపడినను చికిత్స నడువదు. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు చెప్పబడినవి. రోగికి ఉండవలసిన నాలుగు గుణములివి: జ్ఞాపకము, వైద్యుని మాట చొప్పున నడచుకొనుట, భయములేకుండుట, తన బాధను దాచక తెలియజెప్పుట. ఆ దినములలో మేము వీనిని వల్లించితిమే గాని, వీని యర్థము మాకు తెలిసినది నిన్న మొన్నటి మాట. తెలిపినది ఏ గ్రంథమును గాదు; మా పొరుగింటి యిల్లాలు.

మేము సోంపేటలో కాపురముండి పదునైదేండ్లయినది. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు ప్రాంతములకు ఉద్దానమని పేరు. ఉద్యానమను మాటయే యిట్లు మాఱినదని పెద్దలు చెప్పుదురు. కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్ల నీడలో నున్న యీ సీమను చూచినవారు ఇచ్చట రోగమున్నదని నమ్మజాలరు. కాని ముప్పది యేండ్లకు పైగా ఈ పల్లెలలో మూత్రపిండముల వ్యాధి యిల్లిల్లును తట్టుచున్నది. 2020లో వెలువడిన యొక పరిశోధనలో, పరీక్షింపబడిన పెద్దలలో సుమారు అయిదుగురికి ఒకరు ఈ వ్యాధి గలవారని తేలినది. నీరా, ఎండలో చెమటోడ్చి పనిచేయుటయా, మఱి యేదైనయా, యనుట ఇంకను పండితులు తేల్చలేదు. ఈ వ్యాధికి చప్పుడు లేదు. పెక్కుమందికి మొదట వాపుండదు, నొప్పి యుండదు. మూత్రపరీక్షలో సైతము దోషము అంతగా కనబడదు. రక్తమును పరీక్షించి క్రియాటినిన్ ఎంతయున్నదో చూచిననే గుట్టు తెలియును. అందుచేత ఈ సీమలో రోగికి తన రోగమును తెలుపునది దేహము కాదు, కాగితము. ఆ కాగితము ఎవరి చేతిలో నుండవలెననునదే నేటి మా ప్రశ్న.

మా పొరుగింటి యామెను మేము అప్పా యని పిలుచుచుందుము. ఆమెకు ఏబదియేండ్లు. తెల్లవాఱకమునుపే జీడితోటకు పోయి, యెండ ముదిరినపిమ్మట వచ్చి, ఇంటిపనిలో పడెడిది. నడుము నొప్పియని అంగడిలో బిళ్లలు కొని మ్రింగుట ఆమెకు కొన్నేండ్ల యలవాటు. ఒక వేసవిలో ఆమె నీరసమును చూచి కొడుకు ఒక ఆసుపత్రికి తీసికొనిపోయెను. అచ్చట రక్తము తీసిరి. కాగితమును కొడుకు చేతికిచ్చిరి. వైద్యుడు కొడుకుతో మాటలాడెను. అప్ప వెలుపల బల్లమీద కూర్చుండి, తన పేరు ఎప్పుడు పిలుతురాయని ఎదురుచూచుచుండెను.

ఆ కాగితములో క్రియాటినిన్ 2.9 అని యున్నది. ఆడువారికి సామాన్యముగా అది 1.1 దాటదు. ఆమె వయస్సున 2.9 అనగా మూత్రపిండములు తమ పనిలో అయిదవ పాలు మాత్రమే చేయుచున్నవని యర్థము. తల్లి బెంగపెట్టుకొనునని కొడుకు ఆమెకు చెప్పలేదు. భార్యకు చెప్పెను. ఆ కోడలు కన్నీరు పెట్టుకొని మాకు చెప్పినది. వారము తిరుగకముందే వీధివారందఱికిని తెలిసినది.

ఒక మధ్యాహ్నము అప్ప ఆ కాగితమును కొంగుచాటున దాచుకొని మా యింటికి వచ్చినది. "చదువుకున్నదానివి, ఇందులో ఏటుందో చెప్పు చెల్లెమ్మా" యని యడిగినది.

మేము చదివితిమి. చదివి, "రక్తము తక్కువగా నున్నదట అప్పా, బలమైన ఆహారము తినవలెనట" అని చెప్పితిమి. ప్రేమచేతనే చెప్పితిమి, కాని చెప్పినది అబద్ధము.

ఆ మాట నమ్మి యామె బలమునకని దినమునకొక బొండము త్రాగినది. నొప్పి బిళ్లలు మానలేదు. మానుమని ఆమెకు ఎవరు చెప్పిరి? ఎనిమిది నెలలు గడచునప్పటికి, ఒక రాత్రి ఊపిరి యాడక, పట్నపు ఆసుపత్రికి మోసికొనిపోవలసి వచ్చినది. అచ్చట మెడలో గొట్టము వేసి డయాలిసిస్ చేసిరి. తిరిగివచ్చిన నాడు మేము చూడబోతిమి. ఆమె మమ్ము తిట్టలేదు. "నా ఒంటి సంగతి నాకు తప్ప వీధిలో అందరికీ తెలుసు గదా చెల్లెమ్మా. నాకు చెప్తే నేనేటి చచ్చిపోదునా? ఆ బిళ్లలైనా మానేద్దును గదా" యని మాత్రము అన్నది.

ఆ మాటకు మాయొద్ద నేటికిని జవాబు లేదు. ముందుగా చెప్పియున్నచో రోగము కుదిరియుండునని మేమనము. ముదిరిన మూత్రపిండవ్యాధి వెనుకకు మరలదు. కాని ఆమెకు ఎనిమిది నెలల కాలము చేతిలో నుండెడిది. బిళ్లలు మానుటకు, చేతి నరమును సిద్ధపఱచుకొనుటకు, ఏ చికిత్స తనకు తగునో ఆలోచించుకొనుటకు ఆ కాలము చాలును. ఆ కాలమును ఆమెనుండి దొంగిలినవారిలో మేమును ఉంటిమి.

అప్పటినుండి చరకుడు చెప్పిన నాలుగు గుణములును మాకు వేఱుగా కనబడుచున్నవి. మన యాడువారికి చెప్పినట్లు నడచుకొనుట ఒక్కటియే నేర్పబడినది. తక్కిన మూడును మఱవబడినవి. వానిని మరల నేర్చుకొనుట యెట్లో, అప్పయు మేమును కలసి నేర్చుకొన్న తీరునే వ్రాయుచున్నాము.

మొదటిది, తెలియజెప్పుట. వైద్యుని యెదుట మన బాధను మనమే చెప్పవలెను; భర్తయో కొడుకో చెప్పుచుండగా తల యూచుట చాలదు. నడుమునకు, మోకాళ్లకు మనము మ్రింగు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి బిళ్లలు మూత్రపిండములకు హానిచేయును. వానిని, నాటు మందులను, పసరులను, అన్నిటిని సిగ్గుపడక చెప్పవలెను. దాచినచో వైద్యుడు చీకటిలో బాణము వేసినట్లగును.

రెండవది, జ్ఞాపకము. తలలో నిలువని దానిని పుస్తకములో నిలుపుకొనవలెను. పాలలెక్క, చాకలిపద్దు వ్రాసికొను మనకు ఇది కష్టము కాదు. పిల్లల పాత నోటుపుస్తకము చాలును. తేది, క్రియాటినిన్, రక్తపు పోటు, హిమోగ్లోబిన్, బరువు, మందుల పేర్లు వరుసగా వ్రాయవలెను. ఒక్క పరీక్షలోని అంకె కొంతయే చెప్పును. ఆఱు పరీక్షల అంకెలు ప్రక్కప్రక్కన నిలిచినచో రోగము నడక తెలియును. ఆసుపత్రిలో చికిత్స పొందినవారు తమ కాగితములు కోరినచో 72 గంటలలో ఇయ్యవలెనని వైద్యుల నడవడినిగూర్చి 2002లో చేసిన నిబంధనలు చెప్పుచున్నవి. కాబట్టి అడుగుట బిచ్చమెత్తుట గాదు.

మూడవది, భయములేకుండుట. "వైద్యుడు కోపపడునేమో, నాకేమి తెలియును" అని మనము నోరు మూసికొందుము. అప్ప తన పుస్తకపు మొదటి పుటలో మాచేత అయిదు ప్రశ్నలు వ్రాయించుకొన్నది: నాకు వచ్చిన రోగమేమి? ఇప్పుడు ఎంతవఱకు వచ్చినది? దీనికి ఎన్ని మార్గములున్నవి? ఒక్కొక్క దానివలన మేలెంత, కీడెంత? ఏమియు చేయకున్నచో ఏమగును? వీనికి జవాబు వినిన పిమ్మటనే సంతకము.

ఈ సంతకమును గూర్చి ప్రతి స్త్రీయు ఎఱుగవలసిన తీర్పొకటి కలదు. ఢిల్లీలో ఒక స్త్రీ పరీక్షకు మాత్రము ఒప్పుకొనగా, ఆమె మత్తులో నుండగనే తల్లియొద్ద ఒప్పుదల తీసికొని గర్భాశయమును, అండాశయములను తొలగించిరి. 2008 జనవరి 16న సుప్రీంకోర్టు, ప్రాణాపాయము లేనప్పుడు, వయస్సు వచ్చి బుద్ధి స్థిరముగా నున్న రోగికి బదులుగా తల్లి యిచ్చిన ఒప్పుదలయు చెల్లదని చెప్పినది. కన్నతల్లి మాటయే చెల్లనప్పుడు తక్కినవారి మాట చెప్పనేల? 2018లో జాతీయ మానవహక్కుల సంఘము రూపొందించిన రోగుల హక్కుల పత్రములో, తన రోగమును తెలిసికొనుట, కాగితములు పొందుట, మఱియొక వైద్యుని అభిప్రాయము అడుగుట మున్నగునవి చేరినవి. అంతకు చాల ముందే 1978లో ఆల్మా ఆటా నగరమున చేరిన ప్రపంచ దేశములవారు, తమ ఆరోగ్యరక్షణలో పాల్గొనుట ప్రజలకు హక్కును, విధియు నని ప్రకటించిరి.

ప్రశ్నించుట మన యూరికి కొత్త గాదు. బీలలో విద్యుత్కేంద్రము కట్టబోవగా, ఈ నేల నీరు ఏమగునని సోంపేట చుట్టుపట్ల ప్రజలు అడిగిరి. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ప్రాణములు పోయినవి. ఆ దినముననే ఆ కేంద్రమునకిచ్చిన పర్యావరణపు అనుమతి రద్దయినది. బీల కొఱకు నిలిచిన యాడువారు తమ దేహము కొఱకు ఒక ప్రశ్న వేయలేరా?

నాలుగవది, నడచుకొనుట. ఇది వలదని మేమనము. తెలిసి నడచుకొనవలెనని మాత్రము అందుము. బొండపు నీటిలో పొటాసియము మెండు. అది రక్తములో పెరిగినచో గుండె ఆగిపోవచ్చును. కొబ్బరితోటల నడుమ నున్నవారికి "బొండము త్రాగవలదు" అని యూరక చెప్పినచో వినరు; కారణము తెలిసినచో విందురు. అప్ప వినినది. అయితే ఈ నిషేధము అందఱికిని గాదు. ఎవరికి ఎంత నీరు, ఎంత ఉప్పు, ఏ పండు తగునో వారి వారి పరీక్షలనుబట్టి వైద్యుడే చెప్పవలెను. ఒకరి పథ్యము మఱియొకరు అనుకరింపరాదు.

మూత్రపిండములు బొత్తిగా చెడినవారికి మార్గము ఒక్కటి కాదు. ఆసుపత్రిలో యంత్రముతో రక్తశుద్ధి చేయించుకొనవచ్చును. అది వారమునకు రెండు మూడు మాఱులు, మాఱునకు నాలుగు గంటలు పట్టును. దీనికై చేతిలో రెండు నరములను కలిపి ఫిస్ట్యులాను ముందుగా సిద్ధపఱుతురు. అది పక్వమగుటకు కొన్ని వారములు కావలెను. ఆ చేతికి సూదులు గ్రుచ్చనీయరాదు. కడుపులోనికి ద్రవము ఎక్కించి ఇంటనే చేసికొను పద్ధతి యొకటి కలదు. దానికి ఇంట శుచియు, శ్రద్ధయు నుండవలెను. మూత్రపిండమును మార్పించుకొనుట మఱియొకటి. ఈ సీమలో సౌకర్యములు ఇప్పుడు కొంత పెరిగినవి. సోంపేటలో డయాలిసిస్ జరుగుచున్నది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండముల పరిశోధనాకేంద్రమును తెఱవబడినవి. వంశధార నీటిని హిరమండలమునుండి గొట్టములద్వారా ఉద్దానమునకు తెచ్చు, సుమారు 700 కోట్ల రూపాయల పథకమును అప్పుడే ప్రారంభమైనది. భవనములు, యంత్రములు వచ్చినవి. ఇక రావలసినది రోగి నోటి మాట.

అప్ప కూతురు తన మూత్రపిండము నిత్తునన్నది. ఆమెకు ఇద్దఱు చిన్నపిల్లలు. కొడుకు సంతోషించెను. అప్ప మాత్రము వైద్యునితో, "నాకేటి ఔతుందో తరువాత చెప్పండి బాబూ, ముందు నా పిల్లకేటి ఔతుందో చెప్పండి" అన్నదట. ఆయన విసుగుకొనక, దాతకు కలుగు చిక్కులన్నిటిని విడమఱచి చెప్పెను. 1994 నాటి అవయవముల మార్పిడి చట్టము ప్రకారము అట్లు చెప్పుట వైద్యుని విధి. దాత తన యిష్టముతోనే ఇయ్యవలెను. తల్లియు కూతురును రెండు దినములు మాటలాడుకొనిరి. ఇప్పటికి డయాలిసిస్ తోనే ఉందునని అప్ప నిశ్చయించుకొన్నది. ఆ నిశ్చయము సరియైనదా కాదా యని వీధిలో ఇంకను వాదములు జరుగుచున్నవి. మాకును ఒక్కొక్కప్పుడు కూతురి మాట వినియుండవలసినదని తోచును. కాని అది అప్ప తెలిసి చేసికొన్న నిశ్చయము. ఆమె వీధిలో తలయెత్తి నడచుచున్నది.

సోదరీమణులారా! మన యిండ్లలో అత్తగారి కాగితములు బీరువాలోను, కోడలి కాగితములు భర్త సంచిలోను ఉండును. వానిని బయటికి తీసి, ఎవరివి వారికి చదివి వినిపింపుడు. చెడ్డ వార్తయైనచో మెల్లగా, చేయి పట్టుకొని, ఒకటికి రెండుమాఱులు చెప్పుడు. చెప్పకుండుట మాత్రము దయ యనుకొనకుడు.

మేము చేసిన తప్పునకు ప్రాయశ్చిత్తముగా, శనివారము మధ్యాహ్నములందు మా యరుగుమీద కూర్చుండి, వచ్చినవారి కాగితములను ఉన్నదున్నట్లు చదివి చెప్పుచున్నాము. తెలియని దానిని తెలియదని చెప్పి, వైద్యుని అడుగవలసిన ప్రశ్నగా వ్రాసియిత్తుము. డయాలిసిస్ లేని శనివారములందు అప్పయు వచ్చి మా ప్రక్కన కూర్చుండును. కాగితమును చేతబట్టుకొని తడబడుచు వచ్చినవారిని చూచి, "బయపడకమ్మా, నీదే గదా, అడుగు" అని మొదట పలుకరించునది ఆమెయే.